మా గల్లీ పెట్టించిన ఒట్టు

మా గల్లీ మొదట్లో షాపు పెడుతున్నారని విన్నప్పుడు అందరికంటే ముందు సంతోషపడింది నేనే. సూదులు, గుండీలు, చీర ఫాల్స్ దొరికే దుకాణమైతే ఎంత బాగుండునో అనుకున్నాను. నేను ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. దారం రీలు అయిపోతే మెహిదీపట్నం బస్సెక్కి, కాలేజీ పిల్లల మధ్య నలుగుతూ మొయినాబాద్ దాకా పోవాలి. నా మిషన్ కిటికీ పక్కనే ఉంటుంది, తల ఎత్తితే ఆ షట్టర్ గదే కనిపిస్తుంది. అందులోకి ముందు ఇనప ర్యాకులు వచ్చాయి. తర్వాత అద్దాల ఫ్రిజ్‌లు దిగాయి, గోడ పొడుగునా పెట్టేటన్ని. గుండీలకు ఫ్రిజ్‌లెందుకని అప్పుడు అనుమానం వచ్చింది.

షాపు పెట్టేది మా గల్లీలోని పెద్దింటి అన్న. భూములున్న కుటుంబం, ఎన్నికలొచ్చాయంటే ఆ ఇంటి ముందు చెప్పులు విడవడానికి జాగా దొరకదు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచి నేను అన్నా అంటాను, అతను చెల్లే అంటాడు. అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు.

"కిరాణమే చెల్లే. చిప్స్, కూల్‌డ్రింకులు, ఐసు, గ్లాసులు. ఎనుక రూముల మందు గూడ ఉంటది. ఫామ్‌హౌస్‌లోళ్లకు గవే గద కావల్సింది."

లైసెన్సు ఉందా లేదా అన్నది నాకు తట్టనే లేదు. తట్టింది నా తమ్ముడు.

తమ్ముడి ఇల్లు మా ఇంటి పక్కదే, నడుమ ఒకటే గోడ. భార్య, బడికి పోయే బిడ్డ, వాడు. ఊరి బయట ఒక ఫామ్‌హౌస్‌లో మాలి పని. పెళ్లికి ముందు నుంచీ తాగేవాడు, పెళ్లయ్యాక ఇంకా తాగాడు. చివరికి కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి దవాఖానలో పడ్డాడు. డాక్టరమ్మ నన్నూ మరదలినీ పక్కకు పిలిచి, లివర్ చాలావరకు పోయిందని, మళ్లీ మొదలుపెడితే ఈసారి తాము చేయగలిగేది ఏమీ ఉండదని చెప్పింది. ఆ మాట వాడూ విన్నాడు. ఇంటికొచ్చాక వాడు చేసిన మొదటి పని తన బండిని షాబాద్‌లో ఉన్న బామ్మర్దికి ఇచ్చేయడం. "బండి ఉంటే మొయినాబాద్ దాక పోబుద్ధయితదక్కా. నడిచి పోవాల్నంటే నడిమిట్లనే బుద్ధొస్తది," అన్నాడు. అలా, వైన్ షాపు దూరంగా ఉంది కాబట్టి నా తమ్ముడు బతికాడు. ముఖం తేటబడింది. బిడ్డ జడ తనే వేసి బడికి పంపేవాడు, వంకరటింకరగా. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి మళ్లీ వేయించుకుని, నాన్నకు చెప్పొద్దనేది.

ఒక ఆదివారం పొద్దున గల్లీ అంతా షట్టర్ ముందర కూర్చుంది. కట్టుబడి ఇసుక ఇంకా అక్కడే ఉంది. ఆడవాళ్లం ఇసుక మీద, మగవాళ్లు ఇటుకల మీద. పిలిపించింది పెద్దవ్వ. బోనాలప్పుడు పోచమ్మకు మొదటి బోనం ఎత్తేది ఆమే, గల్లీలో ఏ పంచాయితీ వచ్చినా తీర్పు చెప్పేదీ ఆమే.

నేనే ముందు లేచాను. నా గొంతు పెద్దది, మిషన్ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ అలా తయారైంది. "బడి పిల్లలు తిరిగే తొవ్వల మందు దుకాణమేందన్నా? ఇంకెక్కడ జాగా దొరుకలేదా?" అన్నాను.

"అక్కకు గుండీల దుకాణం గావాల్నట," అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. వేరే రోజైతే నేనూ నవ్వేదాన్నే.

"షాపొస్తే కార్లు ఇటు మళ్లుతయి. కార్లొస్తే రోడ్డొస్తది. కొండకల్ దిక్కు చూడుండ్రి, ఫ్యాక్టరీ అచ్చినంక ఎట్లయిందో," అని ఇంకొకాయన లెక్చర్ మొదలుపెట్టాడు. రైలు డబ్బాలు చేసే ఫ్యాక్టరీకీ క్వార్టర్ సీసాలకూ ఏం పొత్తని అడిగాను. మళ్లీ నవ్వారు, ఈసారి ఆయన మీద.

అప్పుడు మా వెనకింటి ఆమె మాట్లాడింది. ఆమె పెద్ద కొడుకు మొయినాబాద్‌లో తాగి బండి మీద వస్తూ చేవెళ్ల రోడ్డు మీదే లారీ కింద పడ్డాడు. ఆమె నాకు జత కలుస్తుందని అనుకున్నాను.

"పెట్టనియ్యుండ్రి," అంది. "ఇంటి కాడ దొరికితే నా కొడుకు నడుచుకుంట పోయి నడుచుకుంట వస్తుండె. నాకు ఇంకొక్కడున్నడు. ఆడు గూడ తాగుతడు. నేనెంత మొత్తుకున్నా ఇడుస్తలేడు. ఆడన్న కండ్ల ముందట ఉండనియ్యుండ్రి."

ఆ తల్లికి ఏం చెప్పగలను? ఆమె కొడుకును బతికించే షాపే నా తమ్ముడిని చంపుతుంది. ఇద్దరం ఒకే ఇసుక కుప్ప మీద కూర్చుని ఉన్నాం.

అంతలో తమ్ముడు లేచాడు. అందరికంటే వెనక కూర్చుని పిడికిలిలోంచి ఇసుక కిందికి జారవిడుస్తూ ఉన్నాడు అప్పటిదాకా. చేతులు దులుపుకుని దండం పెట్టాడు.

"అన్నా, జర నా మాట ఇనుండ్రి. నాకు గీ గల్లీ తప్ప ఇంకో తొవ్వ లేదు. పొద్దుగాల పనికి పోవాల్నంటే గీ షట్టర్ ముంగటికెళ్లే, మాపటికి రావాల్నంటే గీ షట్టర్ ముంగటికెళ్లే. ఒక్క రోజంటే ఆపుకుంట. దినాం ఆపుకోలేనన్నా. దూరమున్నది కాబట్టే బతికిన. దగ్గర పెట్టకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

మగవాడు నలుగురిలో నిలబడి నేను ఆపుకోలేను అని చెప్పుకోవడం మా గల్లీ ఎప్పుడూ చూడలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. "నీ కోసం ఊరంత ఉపాసముండాల్నా తమ్మీ?" అన్నాడు గుండీల మాట అన్నాయనే. మరదలు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం సిగ్గు వేయలేదు. నా తమ్ముడు పుట్టిన తర్వాత నేను వాణ్ని చూసి అంత గర్వపడింది ఎప్పుడూ లేదు. ఆ నవ్విన నోటి మీద ఇసుక కొట్టాలనిపించింది.

షాపు అన్న చెడ్డవాడు కాదు. అతని ముఖం మాడిపోయింది. "నీకు పొయ్యను తమ్మీ. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

"గట్ల ఉత్త మాట కాదు," అంది పెద్దవ్వ. "ఫామ్‌హౌస్‌లోళ్ల కోసమే అంటున్నవు గద బిడ్డా? గదే మాట పోచమ్మ ముంగట అను. ఊరోళ్లకు ఒక్క చుక్క పొయ్యనని ఒట్టు పెట్టు. గప్పుడు నీ బతుకు నువ్వు బతుకు."

ఇసుక కుప్ప మీద అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. షాపు వస్తుంది, మందు ఊరిలోకి రాదు. వెనకింటి ఆమె ఒక్కతే, "గట్లయితే నాకేం లాభం?" అని లేచి చీర దులుపుకుని వెళ్లిపోయింది.

మా దగ్గర పోచమ్మ ముందు ఒట్టంటే కాగితం మీద సంతకం కాదు. అన్న తలస్నానం చేసి తడి బట్టలతోనే వచ్చాడు. కర్పూరం వెలిగించి, మంట మీద అరచేయి పెట్టి, ఊరి వాళ్లకు అమ్మితే నా పిల్లలకు తగలాలె అన్నాడు. పక్కన నిలబడ్డ అతని భార్య అమ్మవారికి చేతులు జోడించింది. తమ్ముడు అమ్మవారి పసుపు బండారి నుదుట పెట్టుకుని, నా వైపు చూసి నవ్వాడు. నేనూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఫామ్‌హౌస్‌లోళ్లంటే మా అందరి కళ్లకూ కార్లలో వచ్చే సార్లే కనిపించారు. ఆ ఫామ్‌హౌస్‌ల గేట్లు తీసేదెవరు, గడ్డి కోసేదెవరు, కోళ్లు కాల్చేదెవరు, పొద్దున ఆ గ్లాసులు కడిగేదెవరు? మా గల్లీలో ఇంటికొకరు అక్కడే పని చేస్తారు. అంతమంది కూర్చున్నాం, ఒక్కరికీ తట్టలేదు.

షాపు తెరిచిన తర్వాత వచ్చిన మొదటి శనివారమే తమ్ముడు నల్ల కవరుతో నా కిటికీ ముందర ఆగాడు. నా చేతిలో జాకెట్ చెయ్యి, సూది కింద సగం. "నాది కాదక్కా, సార్లది. వాళ్లు తెచ్చుకున్నది అయిపోయిందట, జర తీసుకరా అన్నరు," అని కవరు తెరిచి చూపించాడు. "సీల్ చూడు." చూశాను. సీల్ ఉంది.

అంతకుముందు సార్లు పట్నం నుంచే తెచ్చుకునేవారు. అయిపోతే వాళ్లే కారు తీసుకుని మొయినాబాద్ పోయేవారు. ఇప్పుడు నడిచి పోయేంత దగ్గరలో షాపు ఉంది, పంపడానికి మనిషి ఉన్నాడు. వాళ్లకు వాడి లివర్ సంగతి తెలియదు. వాడు చెప్పుకోలేదు, చెబితే పని పోతుందని భయం.

కొన్నాళ్లు ప్రతి శనివారం కిటికీ దగ్గర ఆగి సీల్ చూపించి పోయేవాడు. ఆ చూపించడం నా కోసం కాదు, తన కోసమని నాకు తెలుసు. నేను మిషన్ ఆపి, ప్రతి సీసా మూతా చూసి తల ఊపేదాన్ని. తర్వాత తర్వాత సీల్ చూపించడం మానేసి కవరు పైకెత్తి చూపడమే మిగిలింది. ఆ తర్వాత ఆగడమూ పోయింది. "ఫామ్‌హౌస్‌కే అక్కా," అని నడుస్తూనే అనేవాడు. చివరికి ముఖం అటు తిప్పుకుని నడిచేవాడు.

ఒక మంగళవారం పట్టపగలు వాడి చేతిలో కవరు చూశాను. మంగళవారం ఏ సార్లు వస్తారు? చెప్పులు వేసుకోకుండానే షాపుకు పోయాను.

"మా తమ్మునికి అమ్మినవా?"

"తప్పు మాట చెల్లే. ఫామ్‌హౌస్‌కే అన్నడు, ఇచ్చిన. నేను ఒట్టు తప్పలే."

"గేటు దగ్గర ఒక్క కారన్న ఉన్నదా? చూసినవా?"

"అందరి గేట్ల కాడికి పోయి చూడాల్నా నేను? ఆయన అన్నడు, నేనిచ్చిన. పోచమ్మతోడు, ఆయనకని ఇయ్యలే."

అతను అబద్ధం ఆడడం లేదు. అదే నన్ను చంపింది. అబద్ధమాడితే జుట్టు పట్టుకుని బజారుకీడ్చేదాన్ని. పెద్దవ్వ దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె "ఒట్టయితే తప్పలేదు గద బిడ్డా," అంది. ఆమె పెట్టించిన ఒట్టు ఆమెకే అడ్డం వచ్చింది. తప్పని ఒట్టును ఎట్లా తప్పు పడుతుంది?

శనివారం ఫామ్‌హౌస్ గేటు దగ్గర దాని ఓనర్ సారును పట్టుకున్నాను. అంతా చెప్పేశాను, పని పోతే పోయిందని. ఆయన నిజంగానే కంగారు పడ్డాడు. "అయ్యో, మాకు తెలియదమ్మా. ఇక అతన్ని పంపం," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా, మళ్లీ పంపలేదు. పంపకపోయినా తమ్ముడు పోతూనే ఉన్నాడు. కౌంటర్ దగ్గర ఆ ఒక్క మాట అంటే చాలు.

మరదలు, నేను చేయనిది లేదు. గడియ పెట్టాం. వాడు తలుపు అవతల నుంచి బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ ఏడ్చాడు. "అక్కా, నేను ఆ దినం చెప్పిన గద. ఇసుక మీద నిలబడి చెప్పిన గద," అన్నాడు. నేను తలుపుకు ఇటు వైపు కూర్చుని చెవులు మూసుకున్నాను. షాపు అన్న కాళ్ల మీద పడింది మరదలు. వాడేం చెప్పినా ఇవ్వొద్దని, ఎంత బతిమాలినా ఇవ్వొద్దని. అతను సరేనన్నాడు. ఆ తర్వాత ఒకరోజు వాడి చేతికి కాకుండా వాడితో పనిచేసే ఇంకో మాలి చేతికి ఇచ్చాడు. ఆ మాలి కూడా ఫామ్‌హౌస్‌కే అన్నాడు, సీసా మాత్రం తమ్ముడికే చేరింది.

వాడు రక్తం కక్కుకున్నది ఒక పొద్దున, బిడ్డకు జడ వేస్తూ. చేవెళ్ల దవాఖానకు, అక్కడి నుంచి పట్నం తీసుకుపోయాం. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. వాడిని తిరిగి తెచ్చిన బండి ఆ షట్టర్ ముందు నుంచే గల్లీలోకి మళ్లింది. ఇంకో తొవ్వ లేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, సమాధి దగ్గర పెట్టి దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టే దాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు. ముట్టకపోతే పోయినవాడి మనసు ఇంకా ఇక్కడే ఏదో కోరుతోందని అర్థం.

అన్నం, మాంసం కూర, గారెలు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టాం. పిట్ట రాలేదు. ఒక్కొక్కరు ముందుకు పోయి వాడికి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. "బిడ్డను మంచిగ సదివిస్తం, ఫికర్ వెట్టుకోకు," అన్నాడు బామ్మర్ది. "నీ పెండ్లాన్ని నా బిడ్డ లెక్క చూసుకుంట," అంది పెద్దవ్వ. నేను కూడా పోయి నిలబడ్డాను. జడ నేనే వేస్తాను అని మాత్రం చెప్పగలిగాను. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగలేదు. ఎండ ముదిరింది. పిల్ల ఆకలని నా చీర పట్టుకుని లాగుతోంది.

"ఆయనది పెట్టలే గద," అన్నారెవరో మెల్లగా. ఏది అని ఎవరూ అడగలేదు.

"సచ్చినంక గూడ తాపుతరా?" అని మరదలు అరిచింది. ఆమె విస్తరి వైపు చూసింది, తర్వాత బిడ్డ వైపు చూసింది. "తేండ్రి," అంది. "తెచ్చి పెట్టుండ్రి. ఇంక అడిగేటందుకు ఆయన లేడు గద."

మగవాళ్లు లేవబోయారు. నేను పోతానన్నాను. ఆ కౌంటర్ వెనక ఉన్న ముఖాన్ని నేను చూడాలి.

షాపు అన్న నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పిట్టకు పెడుతున్నామని అతనికి తెలుసు. తమ్ముడు తాగేది ఏదో అది ఇవ్వమన్నాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, చేయి మాత్రం ర్యాకు వైపు పోలేదు.

"నీకెట్లిస్త చెల్లే? నువ్వు ఊరిదానివి. ఒట్టు పెట్టిన. నాకూ పిల్లలున్నరు."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. అతను భయంతోనే అంటున్నాడు, నన్ను ఆడించడానికి కాదు. మంట మీద పెట్టిన ఆ అరచేయిని చొక్కాకు తుడుచుకుంటున్నాడు. నన్ను వట్టి చేతులతో పంపలేడు, నాకని ఇవ్వలేడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఫామ్‌హౌస్‌కు అను చెల్లే. ఇస్త."

అక్కడ పిల్ల ఆకలితో ఉంది. కాకులు చెట్టు మీద ఉన్నాయి. నేను తల ఎత్తకుండా అన్నాను.

"ఫామ్‌హౌస్‌కే."

సీసా నల్ల కవరులో వేసి ఇచ్చాడు. కొంగు కింద పెట్టుకుని వచ్చాను. మోదుగాకు దొప్పలో పోసి విస్తరి పక్కన పెట్టారు. కాసేపటికి ఒక కాకి దిగింది. దొప్ప వైపు చూడనైనా చూడలేదు, గారె ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. "చూసిండ్రా, గదే కావాలె ఆయనకు," అన్నారంతా, చేతులు కడుక్కోవడానికి లేస్తూ.

మరదలు బిడ్డకు అన్నం కలుపుతూ నన్ను అడిగింది. "ఆయన ఊరోళ్లకు ఇయ్యడు గద వదినా. నీకెట్ల ఇచ్చిండు?"

దాచాలనుకున్నాను. కానీ వాడు నడిచిన తొవ్వే నేనూ నడిచి వచ్చాను, ఆమె దగ్గర దాచడానికి నోరు రాలేదు. ఏమన్నానో చెప్పాను. అన్నంలో ఆమె చేయి ఆగిపోయింది.

"గా ఒక్క మాటకేనా?" అంది. "నేను ఆయన ఎంత బతిమాలుకునేటోడో, ఎన్ని ఒట్లు పెట్టేటోడో అనుకున్న. గంతేనా వదినా?"

"గంతే," అన్నాను.